ఇంటిపేరు మారిన వరి పురుగు

దీపాలు పెట్టే వేళకి భీమవరం చుట్టుపక్కల చేలగట్ల మీది లైట్ల దగ్గరికి బుల్లి రెక్కల పురుగులు చేరుతుంటాయి. వాటిలో పసుపు రెక్కలు, రెక్కకో నల్లచుక్క ఉన్నది కనబడితే రైతు గుండె ఝల్లుమంటుంది. అది కాండం తొలిచే పురుగు తల్లి! దాని పిల్ల పిలకలో దూరితే మొవ్వు ఎండిపోతుంది. చేను ఈనే వేళ దూరితే మిగిలేది తాలు గింజల తెల్లకంకే.

రైతుకి దాని పేరు ఒక్కటే. శాస్త్రవేత్తలే ఒక పేరు మీద నిలవడానికి వందేళ్లకు పైగా తంటాలు పడ్డారు.

శాస్త్రీయ నామమూ మన పేర్లలాంటిదే. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఆ ఇంటిపేరే ప్రజాతి. 1863లో బ్రిటిష్ మ్యూజియంలోని నమూనాలకు పేర్లు పెడుతూ ఫ్రాన్సిస్ వాకర్ ఈ ఒక్క పురుగునే వేర్వేరు జాతులుగా రాసేశాడు. ఆడ, మగ ఒకేలా ఉండవు మరి! ఆడదానికి చుక్కలుంటాయి. మగది చిన్నది, గోధుమ రంగుది, చుక్కలు సరిగా కనబడవు. వాకర్ పెట్టిన పేర్లలో నిలిచింది 'ఇన్సర్టులాస్'. లాటిన్‌లో 'ఇన్సర్టస్' అంటే నిశ్చయం లేనిదని అర్థం!

ఆ తర్వాత చాలాకాలం దీన్ని 'షీనోబియస్' ఇంట్లో ఉంచారు. 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఇయాన్ కామన్ 'ట్రైపోరైజా' అనే కొత్త ఇంటిపేరు పెట్టాడు. వరిని తొలిచేదన్న అర్థం వచ్చే పేరు. అచ్చంగా సరిపోయింది. కానీ 1981లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త అంగూన్ లెవానిచ్ పరిశీలించి, ఇది పాత 'స్కిర్పోఫేగా'లోదేనని తేల్చారు. రెండిళ్లూ ఒకటేనని తేలితే పాత పేరే ఉండాలన్నది నియమం. ఆ పేరు 1832లో ట్రైట్ష్కే పెట్టింది. బీతోవెన్ సంగీత నాటకం 'ఫిడేలియో'కి 1814లో మాటలు సవరించిన రచయితే ఆయన! అలా వరి తినే పురుగుకి 'తుంగజాతి గడ్డి తినేది' అన్న పేరు ఖాయమైంది.

పేరులో ఏముందంటారా? పాత పరిశోధనలు వెతకాలంటే ఈ పేర్లన్నీ తెలియాలి. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర కూడా జాతిని బట్టి మారుతుంది. పురుగుని పోల్చుకోవడంలో పొరబడితే బుట్ట ఖాళీ, పురుగు చేలో! 1925లో మొదలై స్వర్ణ రకాన్ని ఇచ్చిన మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఈ జిల్లాలోనే ఉంది. అనుమానమొస్తే అక్కడ అడగొచ్చు.

ఇంటిపేరు ఎన్నిసార్లు మారినా పురుగు అలవాటు మారలేదు. నారుమడిలో ఆకు కొసన గుడ్లు పెట్టి నూగు కప్పుతుంది. నాటే ముందు ఆ కొసలు తుంచేస్తే సగం బెడద అక్కడే వదులుతుంది.