కువైట్ జీతం... కాగితం మీద

బావులు ఎండితే రాయచోటి, రాజంపేట పల్లెలకు కువైట్ గుర్తుకొస్తుంది. ఇంటిపనికి వెళ్లే ఆడవారిలో చాలామందికి జీతం సంగతి ఏజెంటు నోటిమాటగా చెప్పిందే.

ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. కనీస జీతాన్ని 2016లో నెలకు 60 దినార్లుగా నిర్ణయించింది. రోజుకు 12 గంటలకు మించి పని చెప్పరాదు. వారానికొక రోజు సెలవు ఇవ్వాలి. జీతంలో కోత పెట్టరాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు. ఒప్పందం ముగిశాక ఏడాదికి నెల జీతం చొప్పున అదనంగా ముట్టాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ గడప దాటని పనిమనిషికి జీతం అందిందో లేదో చూసేదెవరు? అసలు చిక్కు రశీదు దగ్గరే. డబ్బు చేతిలో పడకముందే అరబ్బీ కాగితంపై వేలిముద్ర వేస్తే, తర్వాత ఎంత మొత్తుకున్నా ఆ కాగితమే యజమానికి సాక్ష్యం. ఒప్పంద పత్రం నకలు ఒకటి ఇంటివారి దగ్గర ఉంచి విమానం ఎక్కడం మేలు.