లైను అను మాట



సంస్కృతమున సైంధవమను పదమునకు ఉప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థములు కలవు. రెండును సింధుదేశమునుండి వచ్చినవే గనుక ఆ పేరు. భోజనమునకు కూర్చున్న యజమానుడు "సైంధవము తెమ్ము" అనినచో సేవకుడు ఉప్పు తేవలెను. ప్రయాణమునకు సిద్ధమై అనినచో గుఱ్ఱమును తేవలెను. అర్థమును తేల్చు ఈ సందర్భమునకు మన శాస్త్రకారులు ప్రకరణమని పేరు పెట్టినారు. బాల్యమున గురువుగారియొద్ద ఈ యుదాహరణమును వల్లించినప్పుడు, ఉప్పునకు బదులు గుఱ్ఱమును తెచ్చునంతటి మూఢుడుండునా యని నవ్వుకొంటిని. మొన్నటి వానకాలమున నా మేనల్లుని పొలమువద్ద జరిగిన సంగతి విన్నపిమ్మట ఆ నవ్వు పోయినది. అందులకు కారణమైనది సంస్కృతపదము కాదు. మనమందఱము దినమునకు పదిసారులు వాడు లైనను ఇంగ్లీషుమాట. ముందా మాటను గూర్చి చెప్పి, పిదప పొలమునకు పోవుదము.

లాటినుభాషలో అవిసెకు లీనుమ్ అని పేరు. అవిసెనారతో పేనిన దారము లీనెయా. లైను అనుమాట అందుండి వచ్చినది. అనగా లైను మొదట దారము. దుకాణములలో లినెనని అమ్ము బట్టయు, కోటులోపల దర్జీ వేయు లైనింగును ఈ అవిసెనార సంతతివే. దారమును బిగించి పట్టినచో తిన్నని గీత యగును. గీత వెంబడి వస్తువులను పేర్చినచో వరుస యగును. వరుస వెంబడి నడచినచో త్రోవ యగును. ఇట్లు ఒక్క దారము పది విధములుగా సాగినది.

మన పెద్దలును ఈ బాటనే నడచినారు. సూత్రమనగా దారము, అదియే మంగళసూత్రమైనది, అదియే వ్యాకరణసూత్రమైనది. నాటకమును నడుపువాడును, కొలతదారము పట్టు వడ్రంగియు సూత్రధారులే. సంతానము, తంతువు అను రెండు మాటలును సాగదీయుట యను అర్థముగల తన్ ధాతువునుండి పుట్టినవి. కావున ఇంగ్లీషువారు వంశమును లైననుటలో వింత లేదు. మనము మాత్రము ఇండ్ల బారునకును, బావమఱదుల చుట్టఱికమునకును వరుస యను ఒక్క మాటనే వాడుట లేదా? పంక్తి సంగతి మఱియు విచిత్రము. అక్షరములు పంక్తి, భోజనమునకు కూర్చున్నవారు పంక్తి. వాడుకలో అదియే బంతి యైనది. ఛందస్సులో పాదమునకు పదియక్షరములు గల తరగతికి పంక్తి యని పేరు. అందుచేతనే కవులు పదితలల రావణుని పంక్తికంఠుడనిరి. రైతు నాగలితో గీయు సాలును ఈ పంక్తిలో చేర్చవలసినదే, కాని నిఘంటువులు వ్రాయువారికి పొలము గుర్తుండదు.

ఇక మా కాజీపేటకు వత్తము. సికిందరాబాదునుండి బెజవాడకు పోవు రైలుమార్గము 1889లో పూర్తి యైనది. 1929లో బల్లార్షా మార్గము కలియుటతో మదరాసు, ఢిల్లీ నగరములకు నేరుగా బండ్లు నడచినవి. అందుచేత మా యూరివారికి లైననగా ముందు తోచునది పట్టాలే. అయినను టిక్కెట్టుకిటికీ ముందు నిలుచువారిది లైను. పోలీసువారు కాపురముండు ఇండ్ల బారులు లైనులు. ఫోనులో మాట వినబడనిచో లైను కలియలేదందురు. కుఱ్ఱవాని కొలువు నడుగునప్పుడు ఏ లైనులో నున్నాడందురు. యువకులు వాడు మఱియొక యర్థము కూడ కలదు గాని, దానిని వివరించుట నా వయస్సునకు తగదు. ఇవియన్నియు తాఱుమాఱైనను నవ్వుకొని పోవచ్చును. లైన్ క్లియర్ అను జంటమాట మాత్రము అట్టిది కాదు.

రైలువారి భాషలో దీని యర్థ మిది. ఒకే పట్టామార్గము గల చోట, ముందటి స్టేషనుమాస్టరు లైన్ క్లియర్ ఇచ్చినగాని ఈ స్టేషనునుండి బండి కదలరాదు. అది యిచ్చుట యనగా రెండు స్టేషనుల నడుమ మఱియొక బండి లేదు, పంపవచ్చునని చెప్పుట. దానికి గుర్తుగా డ్రైవరునకు బెత్తపు చట్రమునకు తగిలించిన సంచిలో ఒక గుండు నిచ్చెడివారు. పరుగెత్తుచున్న బండినుండి డ్రైవరు దానిని చేతితో లాగికొనుచుండగా మేము పిల్లలము నోరు తెఱచుకొని చూచెడివారము. అనగా రైలులో లైన్ క్లియర్ యనగా బండి వచ్చుచున్నది, మనుష్యుడు దూరముగా నుండవలెను.

కరెంటువారి భాషలో ఇదే మాట తలక్రిందగును. స్తంభమెక్కబోవు లైనుమాను ముందుగా సబ్‌స్టేషనునుండి లైన్ క్లియర్ తీసికొనును. అనగా ఆ తీగలలో కరెంటు నాపితిమి, నీవు దిగి చెప్పువఱకు మరల విడువము అని వారిచ్చు మాట. ఇక్కడ లైన్ క్లియర్ యనగా వచ్చునది ఆగినది, మనుష్యుడు పోవచ్చును.

ఇప్పుడు పొలము. మేనల్లుని మోటారునకు పోవు తీగ స్తంభమువద్ద ఊడినది. లైనుమాను వచ్చువఱకు ఆగవలసినది. నాట్ల తొందరలో ఆగలేదు. కరెంటు తీయుమని ఫోనుచేసి, నిచ్చెన వేసికొని, పటకారుతో పైకెక్కినాడు. మోటారు కొట్టమువద్ద నున్న పిల్లవానిని ఏమైనదని అడిగినాడు. ఆ పిల్లవాడు రైలు క్వార్టర్లలో పెరిగినవాడు. కొట్టములో దీపము వెలుగుచుండుట చూచి, అంతయు బాగుగానే వచ్చుచున్నదను తాత్పర్యముతో "లైన్ క్లియర్, మామా!" అని కేక వేసినాడు. మేనల్లుడు లైనుమానులతో తిరిగినవాడు. కరెంటు పోయినదని గ్రహించి చేయి చాచినాడు. ప్రక్క మడిలో నాటువేయుచున్న ముసలమ్మ నడుమెత్తి చూచి "కొడుకా! బుగ్గ ఎలుగుతాంది, ముట్టకు!" అని అఱచినది. చేయి జానెడు దూరములో ఆగినది.

నాకు కబురు తెలిసి పోవుసరికి మేనల్లుడు గట్టుమీద కూర్చుండి వణకుచున్నాడు. పిల్లవాడు ఏడ్చుచున్నాడు, వానిని కొట్టబోయినవారిని నేను వారించితిని. వాడు తన యూరిభాషలో నిజమే చెప్పినాడు గదా. ముసలమ్మ మరల వంగి నాటు వేయుచున్నది.

ఇంటికి వచ్చుచు ఆమె మాటనే తలపోసికొంటిని. బుగ్గ యనగా చెంప, బుగ్గ యనగా నీటియూట, మా ప్రాంతమున బుగ్గ యనగా కరెంటుదీపము. అదియును మూడర్థముల మాటయే. కాని నిచ్చెనమీది వానికి ఆ క్షణమున ఏ బుగ్గయో అడుగవలసిన పని లేకపోయినది.