అరచేతిలో తాటిచెట్టంత స్లైడు

మైక్రోస్కోపు స్లైడుకు ఎక్కే ముక్కను పొరుగు దేశానికి పంపడంలో పాత రికార్డు ఉత్తరానిదే! 1674లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ నుంచి లీవెన్‌హుక్ ఆవు కంటినరాన్ని పలచగా కోసి, పొట్లాల్లో పెట్టి, లేఖతో పాటు లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. 307 ఏళ్ల తర్వాత, 1981లో, శాస్త్రవేత్త బ్రయాన్ ఫోర్డ్ ఆ పొట్లాలను పాత కాగితాల్లోంచి వెలికితీశాడు. అప్పటికీ మైక్రోస్కోపు కింద పెట్టి చూసేలాగే ఉన్నాయి.

పలచదనానికి పేరు బయాప్సీ పొరది. మందం 3 నుంచి 5 మైక్రాన్లు. తలవెంట్రుకది సుమారు 70.

అదే పొర స్కానరెక్కితే భారీ కాయం! 15 మిల్లీమీటర్ల చదరపు ముక్కను 40 రెట్ల లెన్సుతో, పిక్సెల్‌కు పావు మైక్రాన్ చొప్పున తీస్తే 60,000 × 60,000, అంటే 360 కోట్ల పిక్సెళ్లు. కుదించకపోతే 10.8 జీబీ. మామూలు మానిటర్ మీద కనిపించే సైజులోనే మొత్తం పరిస్తే వెడల్పు 52 అడుగులు, ఎత్తూ 52 అడుగులు. బాగా ఎదిగిన తాటిచెట్టంత! ఫుల్ హెచ్‌డీ తెరలైతే 1,700కు పైగా పేర్చాలి.

మరి ఫోన్లో ఎలా తెరుచుకుంటుంది? అసలు మాయ ఇక్కడే. బొమ్మను 256 × 256 పిక్సెళ్ల పలకలుగా కోస్తారు. అట్టడుగు వరసలోనే 55 వేల పైచిలుకు పలకలు. దాని మీద సగం సైజు బొమ్మ, దాని మీద అందులో సగం... అలా పిరమిడ్. పాథాలజిస్టు చూస్తున్న చోటుకు, చూస్తున్న జూమ్‌కు సరిపడా పలకలే సర్వర్ నుంచి వస్తాయి. ఫుల్ హెచ్‌డీ తెర నింపడానికి యాభై చాలు. 55 వేలలో యాభై! మొత్తం స్లైడు సర్వర్ దాటి రానేరాదు. ఇంత తక్కువ మోతతో ఇంత పెద్ద బొమ్మను చూపించే ఉపాయం వైద్యంలో ఇంకోటి ఉంటే చెప్పండి. పిరమిడ్ మొత్తానికి అదనపు ఖర్చు అసలు బొమ్మలో మూడో వంతే.

ఇరుకు గుమ్మం రికార్డు డైకామ్‌ది. ఎక్స్‌రేలు, స్కాన్‌లు నడిచే ఈ ప్రమాణంలో ఒక పక్కకు 65,535 పిక్సెళ్లే హద్దు. స్లైడు పెద్దదైతే పట్టేది కాదు. 2010లో పలకల పద్ధతికి చోటిచ్చాకే దారి తెరుచుకుంది.

తొలి ప్రసారం 1968లో. బోస్టన్ లోగన్ విమానాశ్రయం నుంచి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి రక్తపు స్లైడ్ల బొమ్మలు, నలుపు తెలుపు టీవీలో.

పొడవైన చెయ్యి రోనాల్డ్ వైన్‌స్టీన్ బృందానిది. 1986లో వాషింగ్టన్‌లో కూర్చుని, టెక్సస్‌లోని ఎల్ పాసో సైనిక ఆసుపత్రిలో ఉన్న మోటారు మైక్రోస్కోపును ఉపగ్రహం ద్వారా నడిపారు. నేల మీద 2,700 కిలోమీటర్లకు పైగా. సంకేతం ఎక్కి దిగింది మాత్రం 72,000కు పైగా! ఇక్కడ మీట నొక్కితే అక్కడ స్లైడు కదిలి, బొమ్మ తిరిగి రావడానికి అరసెకను.

వేగంలో పోటీ హోరాహోరీ. లైకా జీటీ 450 స్కానరు ఒకేసారి 450 స్లైడ్లు మింగి, ఒక్కోదాన్ని 32 సెకన్లలో చదివేస్తుంది. నత్తనడక పతకం కాగితాలదే: అమెరికాలో ఎఫ్‌డీఏ ఇలా స్కాన్ చేసిన స్లైడ్లతో నేరుగా రోగనిర్ధారణ చేయడానికి తొలి అనుమతి (ఫిలిప్స్‌కు) ఇచ్చింది 2017 ఏప్రిల్‌లో. వైన్‌స్టీన్ ప్రయోగానికి 31 ఏళ్ల తర్వాత!

చౌకలో చక్రవర్తి ఫోల్డ్‌స్కోప్. మేరఠ్‌లో పుట్టిన మను ప్రకాశ్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన కాగితపు మైక్రోస్కోపు. బరువు 8.8 గ్రాములు, విడిభాగాల ఖర్చు డాలరు లోపు. ఫోను కెమెరా తగిలిస్తే బొమ్మ ఎక్కడికైనా పోతుంది. క్యాన్సర్ తేల్చే పని దీనికి అప్పగించలేం గానీ, డాలరుకు ఇంకేం కావాలి?

స్లైడ్ల గుట్టల్లో ఒక మేరుపర్వతం విర్చో అనే ఏఐ నమూనాది. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రికి చెందిన దాదాపు 15 లక్షల స్లైడ్లతో తర్ఫీదు పొందింది; తమ్ముడు విర్చో2 ఏకంగా 31 లక్షలతో. మన హైదరాబాద్‌ది చిన్న గుట్టే: నిమ్స్ రోగుల మెదడు కణితుల స్లైడ్లు 547, రోగులు 367. ట్రిపుల్ఐటీ హైదరాబాద్ వాటిని పరిశోధకులకు అందుబాటులో పెట్టింది.