చేతిపంపు నేర్పిన పాఠం: దీర్ఘకాలిక వినియోగమే గీటురాయి

ఏ వస్తువైనా ప్రజలకు ఎంతవరకు ఉపకరించినదీ ప్రారంభించిన రోజున తేలదు. కొన్నేళ్ల వినియోగం తర్వాతే అది స్పష్టమవుతుంది. మన గ్రామాలలో బోరింగుగా పిలిచే చేతిపంపు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

1970వ దశకం తొలినాళ్లలో దేశంలో అమర్చిన పోత ఇనుప చేతిపంపులలో అధిక భాగం కొద్దికాలానికే మూలపడ్డాయి. ఒక కుటుంబ అవసరాలకు ఉద్దేశించిన నమూనా ఊరంతటి వాడకాన్ని తట్టుకోలేకపోయింది. ఈ దృష్ట్యా యునిసెఫ్ సహకారంతో అదే దశకంలో దృఢమైన ఉక్కు పంపు ఇండియా మార్క్-2 రూపొందింది.

అయితే దృఢత్వం ఒక్కటే చాలదని అనుభవం తెలియజేసింది. బోరులోపలి వాషరు అరిగితే గొట్టాలన్నింటినీ పైకి తీయవలసి వచ్చేది. మరమ్మతు బృందం వచ్చేవరకు మహిళలకు దూరం నుంచి నీరు మోయక తప్పేది కాదు.

1980వ దశకంలో కోయంబత్తూరు ప్రాంతంలో, ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం చేపట్టిన పథకం కింద, గ్రామస్థులు వాడుతున్న పంపులనే ఏళ్ల తరబడి పరిశీలించారు. తోలు వాషర్ల కన్నా నైట్రైల్ రబ్బరు వాషర్లు ఎక్కువకాలం మన్నినట్లు వెల్లడైంది. గొట్టాలను కదపకుండానే పిస్టన్‌ను పైకి తీయగల ఇండియా మార్క్-3 ఈ కృషి ఫలితమే. వెడల్పైన గొట్టాల వల్ల బరువు, ఖర్చు పెరగడం దీని పరిమితి.

పంపు నీరిస్తున్నదా అన్న ప్రశ్నతోపాటు, చెడిన పంపు ఎన్నాళ్లకు బాగయిందన్న ప్రశ్నకూ సమాధానం లభించినప్పుడే ఉత్పత్తి మూల్యాంకనం సమగ్రమవుతుంది.