ఎడారిలో వేడినీటి కొలను

ఎడారి అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? ఇసుక, ఎండ, దాహం. అంతేకదా! కాని ఆస్ట్రేలియాలో, సింప్సన్ ఎడారి అంచున ఉన్న విట్జిరా జాతీయోద్యానవనానికి వెళ్ళిచూడండి. ఊడ్నడాటా అనే చిన్న ఊరి నుంచి సుమారు 180 కిలోమీటర్లు రాళ్ళబాటలో ప్రయాణించాక, చెట్ల నడుమ ఒక కొలను కనిపిస్తుంది. చలికాలం ఉదయంపూట దానిమీద ఆవిరి లేస్తూ ఉంటుంది. అవే డాల్‌హౌసీ వేడినీటి ఊటలు.

వానలే అరుదైన చోట ఇంత నీరెక్కడిది? అగ్నిపర్వతం లేనిచోట ఈ వేడెక్కడిది?

ఆస్ట్రేలియాలో ఐదోవంతుకు పైగా నేల కింద, సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, నీటిని పీల్చుకొన్న ఇసుకరాతి పొరలున్నాయి. వాటిపైన నీటిని పోనివ్వని బంకమట్టి రాతి పొరలున్నాయి. ఎక్కువగా తూర్పు కొండలమీద కురిసిన వాన ఇసుకరాతిలోకి ఇంకి, ఏడాదికి కొద్ది మీటర్ల చొప్పున నడుస్తుంది. భూమిలోపలికి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. లోతుకు దిగిన నీరు అలా కాగుతుంది. పొరలు చీలినచోట పీడనంవల్ల పైకి ఉబుకుతుంది.

నమ్మకం కుదరలేదా? ఒక ప్లాస్టిక్ గొట్టానికి ఒక చివర గరాటు పెట్టి, రెండో చివర గట్టిగా కట్టేయండి. గరాటును ఎత్తిపట్టి నీరు పోయండి. నేలమీదున్న భాగంలో మేకుతో రంధ్రం చేయండి. నీరు పైకి చిమ్ముతుంది. అదే మీ ఊట! ఇప్పుడు పక్కనే మరో నాలుగు రంధ్రాలు చేయండి. మొదటి ధార కుంగిపోతుంది.

ఆస్ట్రేలియాలో జరిగిందీ ఇదే. 1878 నుంచి పశువులకోసం వేలాది బోర్లు తవ్వారు. ఎన్నింటికో మూతలు లేవు. నీరు రేయింబవళ్ళు కాలవల్లో పారి ఆవిరైపోయింది. పీడనం తగ్గి ఎన్నో ఊటలు ఎండిపోయాయి. డాల్‌హౌసీ ఊటల్లో మరెక్కడా దొరకని చేపలున్నాయి. ఊట ఆగితే అవి ఎక్కడికి పోతాయి? చుట్టూ ఎడారే కదా! అందుకే 1999లో మొదలైన ప్రభుత్వ పథకం కింద బోర్లకు మూతలు బిగించారు. కొన్నిచోట్ల పీడనం మళ్ళీ పెరిగింది.

మన బోర్లలో చాలావాటికి మోటారు కావాలి. నీరు తనంతట చిమ్మదు. అయినా అడుగున ఉన్న నీరు అందరిదీ కదా! పాతికేళ్ళ క్రితం మీ ఊళ్ళో ఎన్ని అడుగుల్లో నీరు పడేదో, ఇప్పుడు ఎన్ని అడుగుల్లో పడుతున్నదో పెద్దలనడిగి రాసుకోండి. ఆ రెండు అంకెల తేడాయే మీకు పాఠం.