పాత ఇంటికి కొత్త వెలుగు

"మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకోవాలి. ఈ చీకటి కొంప అమ్మేసి ఏ అపార్ట్‌మెంట్‌కో పోదాం!"

తాతలనాటి పెంకుటిళ్లలో, మండువా ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. కాపరానికి వచ్చిన నాటినుంచీ ఆ ఇంట్లోనే బతికిన అత్తగారికి అది గుండెల్లో గుచ్చుకుంటుంది. నిజానికి ఆ ఇల్లు కట్టినవాళ్లు వెలుతురుకి దారులు పెట్టే కట్టారు. వాటిని మూసేసింది మనమే!

ముందు కిటికీ చూడండి

చాలా పాత కిటికీలకి పైన ఒక జత, కింద ఒక జత రెక్కలుంటాయి. కిందివి మూస్తే వీధిలోవాళ్ల చూపు ఆగుతుంది. పైవి తెరిస్తే వెలుగు గది లోపలిదాకా వస్తుంది. మనమేమో పైనుంచి కిందిదాకా దళసరి పరదా వేలాడదీస్తాం. దాని బదులు కింది సగానికి మాత్రం పల్చటి నూలు పరదా కట్టి చూడండి.

పడగ్గదికి నిండు పరదా కావాలా? రాడ్డుని కిటికీకి అటూ ఇటూ అరడుగు పొడిగించండి. పగలు పరదా గోడమీదికి జరిగిపోతుంది. గుడ్డ వెడల్పు కిటికీకి రెట్టింపు ఉంటే కుచ్చులు అందంగా పడతాయి. నూలు గుడ్డని ముందే తడిపి ఆరేసి కుట్టించండి, లేదంటే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది. కలంకారీ మీద ముచ్చటపడితే వెనక తెల్లగుడ్డ లైనింగు వేయించండి. ఎండకి రంగు త్వరగా వెలిసిపోదు.

పడమటి ఎండకి లోపలి పరదా ఒక్కటే చాలదు. బయట చూరుకి వెదురు తడిక కడితే వేడి చాలావరకు అక్కడే ఆగుతుంది. దోమల జాలీకి పట్టిన దుమ్ము కడిగి, గోడలకి తెల్లసున్నం వేయించినా గది ఎంత తేటపడుతుందో మీకే తెలుస్తుంది. పెంకుల మధ్య రెండు మూడు గాజు పెంకులు వేయిస్తే ఇంకా మంచిది.

బల్బు కన్నా ముందు వైరు

చెక్క బద్దల మీద పాకిన పాత వైర్లు పెళుసెక్కి ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌కి చూపించి మార్పించండి. ఎర్తింగు సరిచేయించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. షాక్ కొడితే అది రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది.

ఎత్తయిన కప్పుకి లైటు బిగిస్తే వెలుగు కిందికి వచ్చేసరికి పల్చబడుతుంది. ఏడడుగుల ఎత్తులో గోడకి పెట్టించండి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చేంత వెలుగు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. డబ్బా మీద 3000 కె అని ఉంటే దీపంలాంటి పసుపు వెలుగు, 6500 కె అంటే తెల్లటి వెలుగు. పాత కలపకి మొదటిదే అందం. వంటగదిలో లైటు మన వీపు వెనక ఉంటే కూరలు తరిగేచోట మన నీడే పడుతుంది. గట్టు పైన అలమర కింద చిన్న లైటు పెట్టించుకోండి.

అన్నిటికన్నా ముందు...

అరవయ్యేళ్ల కంటికి ఇరవయ్యేళ్ల కంటికన్నా రెండు మూడు రెట్లు వెలుగు కావాలి. పాత ఇళ్ల గడపలా, ఎత్తుగా ఉంటాయి! రాత్రివేళ అత్తగారు మంచం దిగి బాత్‌రూముకి వెళ్లే దారిలో, ప్రతి గడప దగ్గరా ఒక చిన్న బెడ్‌లైటు వెలగనివ్వండి. మొదట కొనాల్సింది అదే. పరదాలదేముంది, వచ్చే నెల కొనుక్కోవచ్చు!