వేడిని కాపాడు కవాటము

మోటారు ఇంజను ఎంత చల్లగా ఉండిన అంత మేలని పెక్కుమంది తలంతురు. ఈ తలంపుతోనే పాత అంబాసిడర్ కార్లు నడుపువారు కొందరు ఇంజనునుండి థర్మోస్టాటు అను చిన్న పరికరమును తీసి పారవేయుదురు. మనది వేడిదేశము, చలిదేశములవారి వస్తువు మనకెందుకని వారి వాదము. వినుటకు ఇది సమంజసముగనే తోచును. ఆ వస్తువు చేయు పని యేమో తెలిసినచో ఈ వాదము నిలువదు.

కలకత్తా సమీపమున ఉత్తరపారలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను ఆ కార్లు కొన్ని నేటికిని తిరుగుచున్నవి. వానిలో చాలకాలము వాడుకలోనున్న 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనునే ఉదాహరణముగా గైకొందము. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. కొంత పొగతో పోవును. కొంత సిలిండరు గోడలకు సోకును. ఆ గోడల చుట్టును నీరు పారుచు వేడిని గ్రహించును. పంపు ఆ నీటిని రేడియేటరునకు పంపగా, అచ్చట గాలి తగిలి చల్లారి అది తిరిగి ఇంజనులోనికి వచ్చును.

తెల్లవారుజామున కారు కదలించినపుడు ఇంజను చల్లగా ఉండును. అప్పుడే నీరు రేడియేటరునకు పోయినచో అది వేడెక్కుటకు చాలసేపు పట్టును. చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరికాదు. మిగిలిన పెట్రోలు సిలిండరు గోడలమీది చమురును కడిగివేయును. చమురు లేనిచోట పిస్టన్ రింగులు గోడలను ఒరసికొని అరుగును. మండుటవలన పుట్టిన నీటియావిరి చమురులో చేరి దానిని బురదవలె చేయును. ఇదంతయు కంటికి కనబడదు. కనుకనే థర్మోస్టాటు తీసివేసిన యజమాని కొంతకాలము సంతోషముగనే ఉండును. ఖర్చు తరువాత వచ్చును.

నీరు రేడియేటరునకు పోవు ద్వారమువద్ద ఉండు కవాటమే థర్మోస్టాటు. దానిలో మైనము నింపిన చిన్న లోహపు గిన్నె కలదు. సుమారు 82 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మైనము కరగి వ్యాకోచించి, ఒక కడ్డీద్వారా కవాటమును తెరచును. చల్లారగనే స్ప్రింగు దానిని మూయును. రెంటచింతల ఎండ 45 డిగ్రీలు దాటినను 82కు ఎంత దూరము! వేడిదేశములకొఱకు 74 డిగ్రీలవద్ద తెరచుకొనునవియు కలవు. మైనపు గిన్నె చెడినపుడు కవాటము తరచుగా మూసికొనియే యుండును. అప్పుడు నీరు మరగి సిలిండరు హెడ్డు వంగిపోవు ప్రమాదము కలదు. ఈ పరికరమునకు చెడ్డపేరు తెచ్చినది ఇదియే. అయితే చెడినదానిని మార్చుట వేరు, అసలే లేకుండ చేయుట వేరు.

మార్చుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిగానున్న రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. మూతక్రింది నీరు ఒత్తిడివలన 100 డిగ్రీలు దాటియు మరగక నిలువగలదు. మూత విప్పిన తక్షణమే పొంగి ముఖముపై చిమ్మును. చల్లారిన పిదప కొంత నీరు తీసి, పైగొట్టము ఊడదీసి, థర్మోస్టాటు మూతకున్న మూడు నట్లను విప్పవలెను. పాత కార్లలో ఈ మూత త్రుప్పుపట్టిన మరలను గట్టిగా కరచియుండును. బలవంతము చేసిన మర విరుగును. ముందురోజే కిరసనాయిలు పోసి నానబెట్టుట మేలు.

క్రొత్త థర్మోస్టాటునైనను పరీక్షింపక బిగించరాదు. దానిని దారముతో కట్టి, గిన్నెలోని నీటిలో అడుగు తగులకుండ వ్రేలాడదీసి కాచవలెను. ప్రక్కనే ప్రయోగశాలలోని ఉష్ణమాపకము నుంచవలెను. జ్వరము చూచెడిది 42 డిగ్రీలవరకే గనుక ఇందుకు పనికిరాదు. అంచుమీద ముద్రించిన డిగ్రీల దాపున కవాటము కదలవలెను.

పాత ప్యాకింగును శుభ్రముగా గీకివేసి క్రొత్తది వేసి, మైనపు గిన్నె ఇంజనువైపు ఉండునట్లు థర్మోస్టాటును అమర్చవలెను. నట్లను ఒక్కొక్కటే పూర్తిగా గాక, వంతులవారిగా కొద్దికొద్దిగా బిగించవలెను. లేనిచో మూత వంకరపోయి నీరు కారును. పిదప త్రుప్పును నివారించు ద్రవము కలిపిన నీరు నింపి, ఇంజను నడిపించి, పంకాకు దూరముగా చేయి చాచి పైగొట్టమును తాకి చూడవలెను. మొదట చల్లగానున్న గొట్టము కొన్ని నిమిషములకు ఒక్కసారిగా వేడెక్కును. కవాటము తెరచుకొన్నదనుటకు అదియే గుర్తు.